పొగఓడ ఎక్కినవాళ్ల ఊరు ఎక్కడని వెతకాలి?

పోయిన నెల ఈ శీర్షికలో పాత భూమి కాగితాల్లో తాతముత్తాతల పేర్లు ఎలా చూసుకోవాలో రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు భూమి గురించి కాకుండా ఓడల గురించే, అంటే వందేళ్ల కిందట చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి పరదేశాలకు పోయినవాళ్ల గురించే ఉన్నాయి. "మా తాత తమ్ముడు పొగఓడలో పోయినాడంట", "దక్షిణాఫ్రికా నుంచి ఎవరో వచ్చి మా పల్లె ఎక్కడని అడిగినారు", ఇలాంటివి. అందుకని ఈసారి పేజీ అంతా వాళ్లకే కేటాయిస్తున్నాను. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు. చిత్తూరు జిల్లాలో సర్వే శాఖలో 31 ఏళ్లు గొలుసు పట్టుకుని పల్లెలు తిరిగి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఊళ్ల హద్దులు, ఊళ్ల పేర్లు ఎలా మారాయో నాకు తెలుసు. ఈ వెతుకులాటలో ఆ తెలివే ఎక్కువ పనికొస్తుందని పదేళ్లుగా చూస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ టీచర్‌ని. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాను. పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) తిరుమల కొండ మీద క్యూలో డర్బన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం మా పక్కన కూర్చుంది. తెలుగు మాట్లాడలేరు కానీ గోవింద నామాలు మాత్రం మాకంటే బాగా చెప్తున్నారు. ఇంటిపేరు నాయుడు అన్నారు. వాళ్ల ముత్తాత 1902లో 'ఉమ్‌లాజీ' అనే స్టీమర్‌లో మద్రాసు నుంచి పోయాడట. చేతిలో ఉన్న కాగితంలో జిల్లా నార్త్ ఆర్కాట్, తాలూకా కార్వెట్‌నగర్, ఊరు కోటపల్లి, పేరు చెంగల్‌రాయ్, తండ్రి మూన్‌సామీ, వయసు 22, కులం జెంటూ అని ఉంది. ట్యాక్సీ మాట్లాడుకుని నాలుగు రోజులు వేలూరు, ఆర్కాడు చుట్టుపక్కల తిరిగారట. దొరకలేదని ఆ పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లారు. నేను వాళ్లకు ఏమైనా చేయగలనా?

జవాబు: చేయగలరమ్మా. ఆ కాగితంలో ఉన్నంత సమాచారం మన ఇళ్లలో చాలామందికి సొంత ముత్తాత గురించి కూడా ఉండదు. పాపం, ఆ నాలుగు రోజులూ వాళ్లు వేరే రాష్ట్రంలో వెతికారు.

నార్త్ ఆర్కాట్ అనగానే ఎవరైనా తమిళనాడు అనుకుంటారు. కానీ 1902లో నార్త్ ఆర్కాట్ జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు, శ్రీకాళహస్తి, పుంగనూరు, కార్వేటినగరం జమీందారీలు అన్నీ ఆ జిల్లాలోనే ఉండేవి. తిరుపతి కూడా చంద్రగిరి తాలూకాలో ఒక ఊరే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఇటు వచ్చాయి, వేలూరు, గుడియాత్తం, ఆర్కాడు అటు ఉండిపోయాయి. మదనపల్లె, వాయల్పాడు మాత్రం అప్పటిదాకా కడప జిల్లాలో ఉన్నాయి కాబట్టి ఆ వైపు నుంచి పోయినవాళ్ల కాగితాల్లో కడప అని ఉంటుంది. ఇంకొక చిక్కు 1960లో వచ్చింది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగవులో ఇచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి పోయాయి. ఇప్పుడు మళ్లీ 2022లో తిరుపతి జిల్లా వేరైంది. మనిషి ఓడెక్కాక ఆ పల్లె కదలకుండా ఉన్నచోటే ఉంది, దాని మీద రాసిన జిల్లా పేరు మాత్రం మూడు సార్లు మారి ఉండొచ్చు. పెద్దాయనకు ముందుగా ఇది చెప్పండి. ఆయన కారు తిప్పాల్సింది పుత్తూరు, నారాయణవనం, నగరి, తిరుత్తణి వైపు. కార్వేటినగరం జమీందారీ అంటే ఆ ప్రాంతమే.

ఇక 'నాయుడు' సంగతి. అది వాళ్ల ఇంటిపేరు కాదు. నాటాలుకు (దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం) పోయినవాళ్ల జాబితాల్లో మన ఇంటిపేరు రాసుకునే గడే లేదు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, అంతే. ఆ దేశంలో పిల్లలు పుట్టి, బడికి పోయి, చివరి పేరు కావాలన్నప్పుడు కొందరు కులం పేరు, కొందరు తాత పేరు పెట్టుకున్నారు. ఒకే తండ్రి బిడ్డలు ఇద్దరు రెండు రకాలుగా పెట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి నాయుళ్ల ఇళ్లన్నీ వరసగా తట్టడం దండగ. 'జెంటూ' అన్నది చూసి కూడా కంగారు పడొద్దు. అది కులం పేరు కాదు. ఆ కాలంలో మద్రాసు ఇంగ్లీషులో తెలుగువాణ్ణి జెంటూ అనేవారు. గుమాస్తా కులం గడిలో భాష రాసి పోయాడు. మనకు అదీ మేలే, ఇంట్లో తెలుగు మాట్లాడినవాడని రుజువు దొరికింది.

పేర్లను కళ్లతో చదవకుండా పైకి అనండి. మూన్‌సామీ మన మునస్వామి. చెంగల్‌రాయ్ చెంగల్రాయుడు. ఈ పేరు విన్నప్పుడే నా మనసు తిరుత్తణి వైపు పోయింది. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామిని మనవాళ్లు చెంగల్వరాయుడు అంటారు. ఆ కొండ చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు లేని వీధి ఉండదు. తిరుచానూరు వైపు అలివేలమ్మలు ఎక్కువైనట్టు, అటు చెంగల్రాయుళ్లు. ఇది రుజువు కాదు గానీ, ముందు ఎటు పోవాలో చెప్పే ఆనవాలు.

ఇక కోటపల్లి. ఇక్కడే ఓపిక కావాలి. పల్లెటూరి మనిషి నోటితో చెప్పింది ఒక గుమాస్తా విని ఇంగ్లీషులో రాశాడు, దాన్ని చూసి డర్బన్‌లో ఇంకొకరు ఎత్తి రాశారు, వందేళ్ల తర్వాత ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కోటపల్లి అన్నది కోటపల్లె కావచ్చు, కొత్తపల్లె కావచ్చు, గొట్టిపల్లె కూడా కావచ్చు. కొత్తపల్లెలు మన దగ్గర లెక్కలేనన్ని ఉన్నాయి. అయితే తాలూకా తెలుసు కాబట్టి అన్నీ చూడక్కర్లేదు. పుత్తూరు, నారాయణవనం, నగరి, కార్వేటినగరం, వడమాలపేట మండలాల గ్రామాల జాబితా, తిరుత్తణి, పళ్లిపట్టు తాలూకాల జాబితా ముందు పెట్టుకోండి. రెవెన్యూ గ్రామాలతో ఆగకండి. మన వైపు హామ్లెట్లు, అంటే పెద్ద గ్రామం కింద ఉండే చిన్న పల్లెలు, ఆ జాబితాల్లో కనపడవు. గ్రామ నక్షాలో గ్రామకంఠం, అంటే ఇళ్లుండే చోటు, అని చుట్టూ గీత గీసి ఉంటుంది. ఒకే నక్షాలో నాలుగైదు గ్రామకంఠాలు కనపడితే నాలుగైదు పల్లెలన్నమాట. వాటి పేర్లు అక్కడే ఉంటాయి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ చిన్న గీతల మీద మనసు పెట్టలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఒక ఇంటి గుమ్మంలా కనపడుతుంది.

ఒక మాట ముందే చెప్తున్నాను, తర్వాత నిరాశ పడకుండా. జమీందారీ పల్లెల్లో పట్టాదారుల పేర్లతో సర్కారు సెటిల్‌మెంట్ రికార్డు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే జరిగింది. చంద్రగిరి తాలూకా వాళ్లయితే ఇంకా వెనక్కి పోవచ్చు, అవి రైత్వారీ ఊళ్లు, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టేవి. మీ చెంగల్రాయుడు 1902లో పోయాడు కాబట్టి భూమి కాగితాల్లో ఆయన కనపడడు. ఆయన అన్నదమ్ముల మనవళ్లు కనపడతారు. తండ్రి పేరో తాత పేరో మునస్వామి అని ఉన్న పట్టాదారులను గుర్తు పెట్టుకోండి, అంతకు మించి ఆ రిజిస్టర్ ఏమీ చెప్పదు.

అందుకే డర్బన్‌లో ఉన్న ఆ కుటుంబాన్ని రెండు విషయాలు అడగండి. మొదటిది నంబరు. నాటాలుకు కూలి ఒప్పందం మీద పోయిన ప్రతి మనిషికీ, చంకలో పాపకు కూడా, ఒక నంబరు ఇచ్చారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. అదే మొదటి ఓడ. అక్కడి నుంచి 1911లో చివరి ఓడ దాకా మొత్తం 1,52,184 మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లే. పేర్లు ఒకేలా ఉన్న చెంగల్రాయుళ్లు ఆ జాబితాలో బోలెడుమంది ఉంటారు, నంబరు మాత్రం ఒక్కరిదే. పాత పుట్టిన సర్టిఫికెట్లు, చావు సర్టిఫికెట్లు, ఒప్పందం తీరిందని ఇచ్చిన కాగితాలు, వీటిలో ఎక్కడో ఆ నంబరు ఉంటుంది. ఓడల జాబితాలు డర్బన్‌లోని క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో చూడొచ్చు. నంబరు పట్టుకుని పోతే ఆయనతో పాటు ఎవరెవరు పోయారో కూడా తెలుస్తుంది. ఇది చాలా ముఖ్యం. ముందు వెనక నంబర్లలో అదే తాలూకా, అదే ఊరు ఉన్నవాళ్లు ఉంటే వాళ్లు కలిసి బయలుదేరినవాళ్లు. ఒకరి కాగితంలో 'కోటపల్లి' అని, ఇంకొకరి కాగితంలో 'కొత్తపల్లె' అని తేటగా ఉండొచ్చు. ఇలా పక్క మనిషి కాగితం చూసి నేను రెండు ఊళ్లు పట్టాను.

రెండోది వాళ్ల ఇంట్లో ఏం పూజలు చేస్తారో అడగండి. పేరు మారింది, భాష పోయింది, అమ్మవారు మాత్రం వాళ్ల వెంటే ఉంది. పెరటాసి శనివారాలు వాళ్లు ఇప్పటికీ 'పుర్టాసి' అని నీచు ముట్టకుండా చేస్తారు. ద్రౌపదమ్మకు నిప్పులు తొక్కుతారా అని అడగండి. మన పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం చెప్పించి, అర్జునుడు తపసుమాను ఎక్కి, చివరన అగ్నిగుండం తొక్కుతారు. అందరి ఊళ్లలో ఆ గుడి లేదు. ఆ ఇంట్లో ధర్మరాజు పేరు నిలిచి ఉంటే, మీ జాబితాలో ధర్మరాజుల గుడి దగ్గర్లో ఉన్న కొత్తపల్లెను ముందుకు తెచ్చుకోండి. గంగమ్మకు ఏ నెలలో అంబలి పోస్తారు, పిల్లలకు మొదటి వెంట్రుకలు ఏ గుడిలో ఇవ్వాలని పెద్దవాళ్లు చెప్పేవారు, ఇవన్నీ రాయించి తెప్పించుకోండి.

అన్నీ చేతికొచ్చాక ఊరికి వెళ్లండి. ముందు పంచాయతీ ఆఫీసుకు పోవద్దు. కరణాల పదవులు 1984లో పోయాయి గానీ కొన్ని ఊళ్లలో పాత కరణం ఇంట్లో వంశవృక్షాలు, పాత లెక్కలు అటక మీద ఇంకా ఉన్నాయి. గుడి పూజారిని, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను అడగండి. "మీ ఊరి నుంచి ఎవరైనా ఓడెక్కి పోయినారా" అంటే చాలామంది లేదంటారు. "ఇంట్లో చెప్పకుండా పోయి తిరిగి రానివాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అడగండి. ఎందుకంటే ఇక్కడి ఇళ్లకు తెలిసింది అంతే.

ఆ పెద్దాయన ఇంకొకటి అడుగుతారు, అందరూ అడుగుతారు. "మా ముత్తాత ఎందుకు తిరిగి రాలేదు, ఇంటిని మరిచిపోయాడా?" అని. ఆయనకు ఈ లెక్క చెప్పండి. ఒప్పందం అయిదేళ్లు. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికి ఒక షిల్లింగు పెంపు. 1895లో నాటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం తీరాక తిరిగి పోకుండా, మళ్లీ కూలికి కుదరకుండా స్వేచ్ఛగా ఉండాలంటే మనిషికి ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది జీతంలో ఆరు నెలల సొమ్ము. 1903లో దాన్ని 16 ఏళ్లు దాటిన మగపిల్లలకు, 13 దాటిన ఆడపిల్లలకు కూడా పెట్టారు. గాంధీగారి సత్యాగ్రహం తర్వాత 1914లో ఆ పన్ను పోయింది. చెంగల్రాయుడి ఒప్పందం 1907లో తీరి ఉంటుంది. నడిమధ్యలో ఇరుక్కున్నాడు. మళ్లీ కూలికి కుదిరాడో, పన్ను కట్టాడో గానీ, అక్కడ పెళ్లయి పిల్లలు పుట్టాక పదేళ్ల కిందటి ఊరికి చేతులూపుకుంటూ రావడం ఎంత కష్టమో మనం అర్థం చేసుకోవాలి. ఆయన వయసు చూడండి, 1880 ప్రాంతంలో పుట్టాడు. అంటే తల్లిదండ్రులు 1876లో మొదలైన ధాత కరువు దాటి బతికినవాళ్లు. ఇంట్లో ఏం మిగిలి ఉంటుందని ఆ పిల్లవాడు ఓడెక్కాడు?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా ముత్తాత తమ్ముడు పరీధావి సంవత్సరంలో గుడియాత్తం సంతకు పోయి అటునుంచి అటే 'పొగఓడ ఎక్కినాడు' అని మా అవ్వ చెప్పేది. "నెల రోజులు నీళ్ల మీద పోయినారంట, అక్కడ చెరుకు నరకడమే పనంట" అని ఒక ఉత్తరం వచ్చిందట, ఆ ఉత్తరం ఇప్పుడు లేదు. ఆఫ్రికా అని ఒకరు, రంగూన్ అని ఒకరు, మలేషియా అని ఒకరు అంటున్నారు. ఏ దేశానికి రాయాలి?

జవాబు: ఫిజీకి రాయండి తమ్ముడూ. మీ అవ్వ చెప్పిన మూడు మాటల్లోనే జవాబుంది.

పరీధావి అంటే 1912-13. నాటాలుకు కూలీలను పంపడం 1911 జూలైలో ఆగిపోయింది, కాబట్టి ఆఫ్రికా కాదు. మారిషస్‌కు 1910లోనే ఆగింది. రంగూన్ మద్రాసు నుంచి కొన్ని రోజుల ప్రయాణం, పెనాంగ్ వారం. నెల రోజుల నీళ్లు, చెరుకు, 1912, ఈ మూడూ కలిసేది ఫిజీ దగ్గరే. ఆ ద్వీపాలకు తెరచాప ఓడలైతే రెండు నెలలు దాటేది, స్టీమర్లు నెలకు తెచ్చాయి. మద్రాసు నుంచి ఫిజీకి మనుషుల్ని పంపింది 1903 నుంచి 1916 వరకే. చివరి ఓడ 'సట్లెజ్' 1916 నవంబరులో చేరింది. దక్షిణాది నుంచి పోయినవాళ్లలో మన నార్త్ ఆర్కాట్ జిల్లావాళ్లు చాలామంది ఉన్నారు.

ఫిజీకి పోయిన ప్రతి మనిషికీ మద్రాసు డిపోలో (ఓడెక్కే ముందు కూలీలను ఉంచే చోటు) ఎమిగ్రేషన్ పాస్ అని ఒక కాగితం రాశారు. డాక్టరు చూసి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి సంతకం పెట్టాకే ఓడెక్కనిచ్చేవారు. ఆ పాసులు సువా నగరంలో ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, 1912-13, నార్త్ ఆర్కాట్ లేదా చిత్తూరు, పలమనేరు తాలూకా, పల్లె పేరు రాసి పంపండి. రెండు జిల్లా పేర్లూ రాయండి. జిల్లా మారి అప్పటికి ఏడాదే అయింది, ఏ పేరు రాశారో చెప్పలేం. పల్లె పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ రాయండి.

పాస్ దొరికితే మొదట చూడాల్సింది పేరు కాదు, ఒంటి మీద గుర్తులు, ఆ తర్వాత దగ్గరి బంధువు అన్న గడి. ఇది నా అనుభవంతో చెప్తున్నాను. మా జేజికి, అంటే అవ్వకు, ఒక తమ్ముడు. సాధారణ సంవత్సరంలో, అంటే 1910లో, ఎద్దులు కొనుక్కొస్తానని పోయి రాలేదు. మా జేజి 1971లో పోయేదాకా పండక్కి ఒక విస్తరి ఎక్కువ వేసేది. ఆయన గురించి చెప్పినప్పుడల్లా ఒకటే మాట, ఎడమ మోకాలి కింద కొడవలి మచ్చ. "కసువు కోస్తా నేనే తగిలించినాను" అని చెప్పి ఏడ్చేది. నేను రిటైరయ్యాక ఫిజీకి రాయడం మొదలుపెట్టాను. మూడు పాసుల నకళ్లు వచ్చాయి, మూడింట్లోనూ పేరు అదే, తాలూకా చంద్రగిరే. రెండింటిని పక్కన పెట్టాను. మూడో దాంట్లో గుర్తులు అన్న చోట ఎడమ కాలి మీద మచ్చ అని ఉంది. దగ్గరి బంధువు అన్న చోట 'అక్క, కన్నెమా' అని ఉంది.

కన్నెమ్మ మా జేజి పేరు. ఆ కాగితం రాసిన రోజు ఆయనకు పంతొమ్మిదేళ్లు. నీకు ఎవరున్నారని అధికారి అడిగితే ఆమె పేరు చెప్పాడు. అరవై ఏళ్లు ఆమె ఎదురుచూసింది, ఆ పేరు సువాలో పెట్టెలో ఉంది. నకలు చేతికొచ్చిన రోజు నేను అన్నం తినలేకపోయాను. తమ్ముడూ, మీ అవ్వ చెప్పిన మాటలన్నీ, పనికిమాలినవి అనిపించినవి కూడా, ఈరోజే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. మచ్చ, పుట్టుమచ్చ, కుంటి కాలు, చెవికి కుట్లు, ఏదైనా సరే.

మలేషియా అన్నవాళ్లను కూడా కొట్టిపారేయొద్దు, మీ ఇంట్లోనే ఇంకొకరు తర్వాత పోయి ఉండొచ్చు. మద్రాసు, పెనాంగ్, సింగపూర్ మధ్య 'రజూలా' స్టీమర్ 1926 నుంచి 1973 దాకా తిరిగింది. అరవై, డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకు ఆ పేరు చెప్పి చూడండి.

ప్రశ్న: డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే మా పూర్వీకుల ఊరు తెలిసిపోతుందని ఆస్ట్రేలియాలో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఊరు తెలియదండీ. అదే కంపెనీలో మీ దూరపు బంధువు ఎవరైనా టెస్ట్ చేయించుకుని ఉంటే, మీరిద్దరూ బంధువులని మాత్రం చెప్తుంది. మన పల్లెల్లో ఆ టెస్ట్ చేయించుకున్నవాళ్లు చాలా తక్కువ. ముందు కాగితాల దారి పట్టండి. ఇక్కడ ఒక కుటుంబం మీద గట్టి అనుమానం వచ్చాక, వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, అప్పుడు రెండు వైపులా చేయించుకోండి. మేనరికాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో చుట్టరికం ఉన్నదానికంటే దగ్గరగా కనపడుతుంది, అది కూడా మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: మా తాత చెల్లెలు మొగుణ్ణి వదిలేసి, మూడేళ్ల పాపను ఎత్తుకుని ఫిజీకి పోయిందని మా ఇంట్లో గుసగుసగా చెప్పుకునేవారు. నేను వెతుకుతానంటే "కూలికి పోయిన ఆడదాని సంగతి పదిమందిలో ఎందుకు" అని మా పెదనాన్న కోప్పడ్డారు. ఇంట్లో పెద్ద గొడవైంది. మానేయమంటారా? (పుంగనూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మానేయొద్దమ్మా.

మీ పెదనాన్నగారి బాధ నాకు తెలుసు. మా ఇంట్లోనూ జేజి తమ్ముడి మాట ఎత్తితే మా నాయన లేచి వెళ్లిపోయేవాడు. కానీ ఆవిడ చేసిందేమిటో ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ఫిజీకి పంపే ఓడల్లో ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలని నియమం. ఆ లెక్క నింపడం కోసం రిక్రూటింగ్ మేస్త్రీలు ఒంటరి ఆడవాళ్లను వెతికేవారు. అబద్ధాలు చెప్పి ఎక్కించినవాళ్లు ఉన్నారు. అయినా, ఆ లెక్కలో అందరూ మోసపోయినవాళ్లే అనుకోవడం వాళ్లను చిన్నచేయడమే అని నా నమ్మకం. భర్త కొడితే పుట్టింటికి పోవాలి, పుట్టిల్లు తలుపు వేస్తే బావి ఉంది. ఆ రెండూ కాకుండా మూడో దారి పట్టిన మనిషి ఆవిడ. చంకలో పాపతో మద్రాసు డిపో దాకా నడిచిందో, బండెక్కిందో, డాక్టరు ముందు నిలబడి తన పేరు తను చెప్పింది. ఓడ దిగాక నుకులావు అనే చిన్న దీవిలో ఉంచి, అక్కడి నుంచి తోటలకు పంచేవారు. పనివేళ దాటినా వదిలేవారు కాదు, జబ్బు పడినా జీతం కోసేవారు. అక్కడ ఆ పాపను పెంచింది. ఇందులో తల దించుకోవాల్సినవాళ్లు ఉంటే వాళ్లు వేరే.

వెతకడం సంగతి. ఆడవాళ్ల పాసులో తండ్రి పేరు ఉంటుంది, భర్తతో పోతేనే భర్త పేరు రాస్తారు. కాబట్టి మీ తాత తండ్రి పేరుతో వెతకండి. పాపకు కూడా వేరే పాస్ ఉంటుంది, అందులో తల్లి నంబరుకు పక్క నంబరే ఉండొచ్చు. పుంగనూరు 1911కు ముందు నార్త్ ఆర్కాట్‌లో జమీందారీ, తర్వాత చిత్తూరు జిల్లా. రెండు పేర్లతోనూ అడగండి. ఆవిడ తన అసలు పేరు చెప్పి ఉండకపోవచ్చు. దొరికిపోతానన్న భయం ఉన్నవాళ్లు ఊరు, తాలూకా నిజం చెప్పి పేరు మార్చుకున్నారు, లేదా పేరు ఉంచి ఊరు మార్చారు. అందుకని ఒక ఆడమనిషి, మూడేళ్ల ఆడబిడ్డ, వెంట మగమనిషి లేని జంట, ఇలా అడిగి చూడమనండి.

ఆవిడ పేరు, పాప పేరు, మీ ముత్తాత పేరు, పల్లె, ఇంట్లో అనుకునే సంవత్సరం ఒక కాగితం మీద రాసి పత్రిక చిరునామాకు నా పేరున పంపండి. మీ పేరు రాయక్కర్లేదు. పోయిన ఏడాది నేను తెప్పించుకున్న నకళ్లలో పుంగనూరు వైపు ఆడవాళ్లవి రెండు ఉన్నాయి. పంపగానే మీ వివరాలతో సరిచూస్తాను.